రాకాసి గుడిలో మెట్టెలు

మా నాయన చెడ్డవాడని ఎవరైనా అంటే ఈ వయసులో కూడా వాళ్ళ మీదికి తగువుకు పోతాను. కానీ మా ఊరి చెరువు కట్ట మీద నిలబెట్టి, ఉత్తరం దిక్కు చూడమంటే మాత్రం నా వల్ల కాదు. సిగ్గు. ఆ సిగ్గు నాయనది. చేనూ చెట్టుతో పాటు దాన్ని కూడా మాకు పంచి పోయాడు. చేన్లు చేతులు మారాయి, సిగ్గును కొనేవాడు మాత్రం ఇంతవరకూ రాలేదు.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో, కాస్త లోపలికి ఉంటుంది మా ఊరు. ఊరికంటే చెరువు పెద్దది. నిండితే కంటికి ఆననంత నీళ్ళు, ఎండితే మేకలు తిరిగే బయలు. ఆ చెరువు ఉత్తరం కొసన ఒక మిట్ట ఉంది. నీళ్ళు లేనప్పుడు నడిచి పోవచ్చు. చెరువు నిండితే చుట్టూ నీళ్ళు కమ్ముకుని అది దీవి అయిపోతుంది. అక్కడ ఇల్లు లేదు, చేను లేదు. గొర్రెలు కాసేవాళ్ళు కూడా మందను అటు తోలేవాళ్ళు కాదు.

ఆ మిట్ట మీద రాతి గదులు ఉన్నాయి. నాలుగు పక్కలా నాలుగు బండలు నిలబెట్టి, పైన ఒక పెద్ద బండ మూత వేసి ఉంటుంది. కొన్ని మోకాలెత్తు, కొన్ని నడుమెత్తు. తూర్పు బండకు గుండ్రంగా తొలిచిన కంత ఉంటుంది, మనిషి పాకుతూ దూరేంత. చుట్టూ గుండ్లు పేర్చి ఉంటాయి. మా వాళ్ళు వాటిని రాకాసి గుళ్ళు అనేవాళ్ళు. హిందూపురం అవతలి కన్నడం వాళ్ళు మోరీల ఇండ్లు అనేవాళ్ళు. మోరీలంటే ఎవరని మా అవ్వను అడిగితే, మనకంటే ముందు ఈ నేల మీద బతికిన జానెడు మనుషులని చెప్పేది. వాళ్ళకు పొగరెక్కువై వానదేవుణ్ణే ఎగతాళి చేశారట. ఆయనకు కోపమొచ్చి నిప్పుల వాన కురిపిస్తే, రాతి ఇండ్లు కట్టుకుని లోపల దూరి, అక్కడే మాడిపోయారట.

“అంతా సచ్చిపోతే మరి ఈ కథ ఎవురు చెప్పినారు అవ్వా?” అని నేను అడిగేదాన్ని.

“నీయట్లా నోరుండే మోరీ ఒకతి మిగిలింటాది లే” అనేది అవ్వ.

అవ్వ అంటే నాయన తల్లి. మా తాత పోయి చాలా కాలమైంది. ఆ రోజుల్లో మా దిక్కు ముసలివాళ్ళు రవికె తొడిగేవాళ్ళే కాదు. మా అవ్వ మాత్రం ముంజేతుల దాకా చేతులుండే రవికెలు హిందూపురంలో కుట్టించుకునేది. మండుటెండల్లో కూడా విప్పేది కాదు. స్నానం తలుపేసుకుని చేసేది, వీపు రుద్దడానికి కూడా ఎవర్నీ రానిచ్చేది కాదు. “మా అత్త తహసీల్దారు పెండ్లాం కావాల్సింది, తప్పి మన ఇంట పడింది” అని మా అమ్మ చాటుగా నవ్వేది.

మా ఇంట్లో ఎద్దులు చూసుకోవడానికి ఒక జీతగాడు ఉండేవాడు. పిల్లలం ఆయనను ఎద్దుల మామ అని పిలిచేవాళ్ళం. ఆయన భార్య మా దొడ్డి ఊడ్చేది, పేడ ఎత్తేది, శనక్కాయలు ఒలిచేది. ఆమెకు బొల్లి. ముఖం సగం, రెండు చేతులూ తెల్లగా మచ్చలు పడి ఉండేవి. అమ్మ ఆమెకు సంగటి దూరం నుంచి పెట్టేది. అవ్వ మాత్రం చేతికిచ్చేది, పక్కన కూర్చోబెట్టుకుని తల దువ్వేది. అవ్వకు ఆమె మీద అంత ప్రేమ ఎందుకని ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు.

యాభైల నడిమి రోజుల్లో ఒక ఎండాకాలం ఆమె జ్వరంతో పోయింది. వంక ఒడ్డున పూడ్చిపెట్టారు. ఆ ఏడు వానలు రాలేదు. విత్తనపు కాయలు ఇండ్లలోనే ఉండిపోయాయి. కప్పలకు పెండ్లి చేశారు. గుడి ముందర భజన చేశారు. చివరికి ఊరి పెద్దలు మా అరుగు మీదికి చేరారు. బొల్లి ఉన్న శవం మన్నులో ఉంటే వాన ఆ ఊరి మొగం చూడదని మా సీమలో ఒక నమ్మకం. తవ్వి తీయాలి. తీసి మన్ను తగలని చోట పెట్టాలి. మన్ను తగలని చోటు ఉత్తరపు మిట్ట మీది రాకాసి గుడి.

నాయనకు దాంట్లో నమ్మకం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఊరంతా ఒక మాట మీద ఉంటే, ఆ మాట తన నోటి నుంచే రావాలన్నది ఆయన తత్వం. ఊరికి పెద్దవాడు గదా. “రేప్పొద్దున చేద్దాం” అన్నాడు.

మరునాడు తెల్లవారగానే ఎద్దుల మామను పిలిచి, చింతపండు బండి కట్టుకుని హిందూపురం సంతకు పొమ్మన్నాడు. పాపం, ఆయన సంతోషంగా పోయాడు. ఆ బండి మలుపు తిరిగిందో లేదో, నాయనా ఇంకో నలుగురూ గడ్డపారలు తీసుకుని వంక దిక్కుకు పోయారు. మధ్యాహ్నానికి ఎండిన చెరువులో అడ్డంగా నడిచి, మూట మోసుకుని ఉత్తరపు మిట్ట ఎక్కడం ఊరంతా కట్ట మీద నుంచి చూసింది. నేనూ చూశాను. నాయన అందరికంటే ముందు నడుస్తున్నాడు. ఆ రోజు నాకు గర్వంగా ఉండింది. ఏం జరుగుతోందో తెలిసే వయసు కాదు.

సాయంత్రం ఎద్దుల మామ తిరిగి వచ్చాడు. మా కోసం బొరుగులూ బెల్లమూ తెచ్చాడు. అవి నా ఒడిలో పోస్తుంటే, ఎవరో వచ్చి ఆయన చెవిలో చెప్పారు. ఆయన బొరుగులు పోయడం ఆపలేదు. సంచి ఖాళీ అయ్యేదాకా పోసి, దులిపి, మడతపెట్టి, ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి పోయాడు. తన మనిషిని ఏ గుడిలో పెట్టారో ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఆ వారం తిరక్కముందే వాన పడింది. అట్లాంటిట్లాంటి వాన కాదు, చెరువు కట్ట తెగుతుందేమోనని భయపడినంత. ఉత్తరపు మిట్ట చుట్టూ నీళ్ళు చేరి దీవి అయిపోయింది. ఊళ్ళో నాయన మాటకు తిరుగులేకుండా పోయింది. ఆ వాన రాకపోయి ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. నోటి దగ్గరి కూడు పోయినా ఫరవాలేదు, ఆ పని తప్పని అప్పుడే తెలిసేది.

అవ్వ ఆ తవ్విన రోజు నుంచి నాయనతో మాట్లాడటం మానేసింది. తిట్టలేదు, ఏడవలేదు, మాట్లాడలేదంతే. ఏది చెప్పాలన్నా నా ద్వారానే. ఇద్దరూ ఒకే నడవలో ఎదురెదురుగా కూర్చుని ఉండేవాళ్ళు. “పాపా, చిక్కుడు తీగకు పందిరి వెయ్యల్లంట అని మీ నాయనకు చెప్పు” అనేది. “రేప్పొద్దున ఏస్తానని మీ అవ్వకు చెప్పు పాపా” అనేవాడు ఆయన. నేను మధ్యలో కూర్చుని, చెప్పకుండా ఇద్దరినీ చూసి నవ్వేదాన్ని. ఏండ్లు గడిచేకొద్దీ ఆ నవ్వు తగ్గింది.

శనక్కాయ బాగా పండిన ఏడు నాయన ధర్మవరం పోయి, అవ్వకు పట్టుచీర తెచ్చాడు. ముదురు ఆకుపచ్చది, సన్నంచు. అవ్వ ముందర పెట్టి నిలబడ్డాడు. అవ్వ దాన్ని ముట్టకుండా నా దిక్కు తిరిగింది. “ముండమోసినదానికి పట్టుచీర యాల అని అడుగు పాపా మీ నాయన్ని” అంది. అమ్మ దాన్ని వేపాకులు వేసి పెట్టెలో పెట్టింది. అమ్మకు ఆ చీర మీద కన్నుండేది గానీ అడిగే ధైర్యం లేకపోయింది.

నేను పెనుకొండలో హైస్కూలు చదువుతున్న రోజుల్లో, సెలవులకు ఇంట్లో ఉండగా, ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. పాత కాలపు సమాధులు పరిశీలించే ఉద్యోగమట. కోస్తా మనిషి, చల్లగా మాట్లాడేవాడు. మా ఇంట్లోనే దిగాడు. నాయనకు ఒక పక్క గొప్ప, ఒక పక్క గుబులు. ఆఫీసరు ఎండుగడ్డి పుల్లతో నేల మీద బొమ్మ గీసి నాకు చెప్పాడు. అవి గుళ్ళూ కావు, ఇండ్లూ కావు, ఇనుము కొత్తగా వచ్చిన కాలంలో మనుషులు తమ వాళ్ళను దాచుకున్న చోట్లు. చనిపోయినవాళ్ళ ఎముకలూ కుండలూ పూసలూ లోపల పెట్టి, మూత వేసేవాళ్ళట. మనకంటే రెండు మూడు వేల ఏండ్ల ముందటివాళ్ళట.

“అంటే మోరీలు జానెడు మనుషులు కారా?” అని అడిగాను.

“మనంత మనుషులేనమ్మా. చచ్చిపోయినవాళ్ళ మీద మనకున్నంత ప్రేమే వాళ్ళకూ ఉండేది” అన్నాడు.

ఆ మాట విని నాయన లేచి లోపలికి పోయాడు.

మరునాడు దీవికి పోయాం. వెదురు తట్టకు తోలు కుట్టిన పుట్టిలో నలుగురమే పట్టాం. ఆఫీసరు, నాయన, మజ్జిగ కుండతో నేను, తెడ్డు వేసేది ఎద్దుల మామ. అటు దిగగానే నాయన ఆయనతో “నువ్వు పోయి ఎద్దులకు నీళ్ళు పెట్టు, మళ్ళొచ్చి పిల్సుకొని పో” అన్నాడు. ఆఫీసరు ఒప్పుకోలేదు. “అతన్ని ఉండనివ్వండి. ఇద్దరు మనుషులు కావాలి బండ జరపాలంటే” అన్నాడు. హిందూపురం సంతకు పంపినంత సులువుగా ఈసారి కుదరలేదు.

ఆఫీసరు ఒక్కొక్క గదీ చూసుకుంటూ పోయాడు. చాలావాటికి మూతలు పక్కకు ఒరిగి, లోపల మన్నూ ముండ్లూ నిండి ఉన్నాయి. ఒకదాని ముందర ఆగిపోయాడు. దాని కంతకు సరిగ్గా సరిపోయే గుండు ఒకటి బిగించి ఉంది.

“అది పాములుండే చోటు సార్, ఆడొద్దు” అన్నాడు నాయన.

“ఇన్నిటిలో ఇదొక్కటే చెక్కుచెదరకుండా ఉందండీ” అన్నాడు ఆఫీసరు. గొంతులో ఆనందం ఆగడం లేదు. “వేల ఏళ్ళుగా దీన్ని ఎవరూ ముట్టుకోలేదు.”

ఆ గుండు బిగించిన చేతులు ఆయన పక్కనే ఉన్నాయి. నాయన ముఖం చూశాను. ఆ గది ఎవరిదో నాకు అప్పుడు అర్థమైంది. మజ్జిగ కుండ కింద పెట్టేశాను. ‘చెప్పు నాయనా, ఇప్పుడైనా చెప్పు’ అని మనసులో అనుకుంటూ ఉన్నాను. ఆయన చెప్పలేదు.

ఎద్దుల మామ గడ్డపారతో గుండును ఊడదీశాడు. కంతలోంచి భుజం దాకా చెయ్యి దూర్చి ఒక్కొక్క ఎముకే తీసి, గుడ్డ మీద పెట్టాడు. ఆఫీసరు వాటిని చంటిబిడ్డను అందుకున్నట్టు అందుకున్నాడు. ఆ మనిషిలో ఏ చెడ్డా లేదు. ఆఖరున మామ గుప్పెట్లో రెండు చిన్న మెట్టెలు వచ్చాయి, చిలుము పట్టి.

“కంచు అయి ఉండాలి” అన్నాడు ఆఫీసరు. “చూశారా, ఆడమనిషి. ఎవరో మహా ప్రేమగా అలంకరించి పంపారు.”

ఎద్దుల మామ ఒక మెట్టెను పంచె కొంగుకు రుద్దాడు. వేలితో తడిమాడు.

“ఇది కంచు కాదు సామీ, ఇత్తడి” అన్నాడు. “హిందూపురం సంతలో నేను కొనింది. పెండ్లికి వెండివి తెచ్చే శక్తి లేకపాయె. ఇది వదులై జారిపోతాంటే నేనే రాయితో కొట్టి నొక్కినా. ఇదో ఈ నొక్కు.”

ఆఫీసరు నాయన దిక్కు తిరిగాడు. “ఏమంటున్నాడండీ ఇతను?”

నాయన నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. “వాడు పొద్దున్నే కల్లు తాగిండాడు సార్. వాని మాటలు పట్టిచ్చుకోవద్దండి” అన్నాడు.

ఎద్దుల మామ కల్లు ముట్టడని ఊరంతటికీ తెలుసు. ఆయన నాయనను చూశాడు. కోపంగా కూడా చూడలేదు. మెట్టెలను ఆఫీసరు పరిచిన కాగితం మీద పెట్టి, “అవును సామీ. తాగినా” అన్నాడు.

నాకు ఆ మిట్ట మీద నుంచి నీళ్ళలోకి దూకాలనిపించింది. నాయన అబద్ధం చెప్పినందుకు కాదు. ఆ అబద్ధాన్ని మోయడం కూడా ఎద్దుల మామకే అప్పజెప్పినందుకు. తిరుగు దారిలో ఎముకలు సర్దిన చెక్కపెట్టె నాయనకూ ఆయనకూ మధ్యలో ఉంది. ఆయనే తెడ్డు వేశాడు. మజ్జిగ ఎవరూ తాగలేదు.

ఇంటికి రాగానే దొడ్లోకి పరుగెత్తాను. అవ్వ చేట ముందర పెట్టుకుని కందులు చెరుగుతోంది. జరిగిందంతా చెప్పాను. అవ్వ చెరగడం ఆపకుండా విన్నది.

“ఎద్దులోడు ఏమన్న్యాడు?” అని అడిగింది.

“తాగినా అన్నాడు.”

అవ్వ చేట పక్కన పెట్టి లేచింది. బయటి మొగవాళ్ళ ముందరికి ఎన్నడూ రాని మనిషి, నేరుగా అరుగు మీదికి నడిచింది. ఆఫీసరు కాఫీ తాగుతున్నాడు. పెట్టె ఆయన పక్కన ఉంది. ఎద్దుల మామ వాకిట్లో ఎద్దుల కాడి విప్పుతున్నాడు.

“ఒరే నాయనా” అంది అవ్వ.

అన్నేండ్ల తర్వాత తల్లి పిలుపు విని నాయన ఉలిక్కిపడి లేచాడు. అవ్వ ఎడమ చేతి రవికె పైకి లాగింది. గట్టిగా కుట్టిన కుట్టు, రాలేదు. ఆమె లాగుతూనే ఉంది, కుట్టు పిగిలిపోయింది. మోచేతి పై నుంచి భుజం దాకా చెయ్యంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

“నీకు పాలిచ్చేటప్పుడు గూడా ఉన్నింది ఇది. మీ నాయనకు తెలుసు. ఇంగెవురికీ తెలీకుండా దాసిపెట్టుకుంటి. ఆ పొద్దు నువ్వు గడ్డపార ఎత్తుకొని పోతాంటే నోరిప్పలేకపోతి, నన్ను గూడా ఊరు ఎట్ల సూస్తాదో అని. నాకు సిగ్గైంది రా. ఇప్పుడు అడుగుతాండా, చెప్పు. నేను సచ్చినాక ఎద్దులోన్ని ఏ సంతకు పంపుతావు? నన్ను తవ్వేకి ముందర నడిసేది నువ్వేనా?”

ఆఫీసరు కాఫీ లోటా కింద పెట్టాడు. లోపలి గడప దగ్గర అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తను తహసీల్దారు పెండ్లామని నవ్విన నోరది.

“సార్” అన్నాడు నాయన చివరికి. “వాడు తాగలే. వాడు తాగేవాడు కాదు. అబద్ధం చెప్పినా. అవి వాని పెండ్లాం ఎముకలు. మేమే తెచ్చి ఆడ పెడితిమి.” ఎందుకు పెట్టారో కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ అవ్వ చేతి దిక్కు చూడలేదు.

ఆఫీసరు పెట్టె తెరిచి, దూది తొలగించి, మెట్టెల పొట్లం తీసుకుని వాకిట్లోకి దిగాడు. ఎద్దుల మామ చేతిలో పెట్టాడు. “నాది తప్పు. గుండు బిగించి ఉంటే పాతదే అనుకున్నాను” అన్నాడు. నాయనతో ఒక్క మాట కూడా అనలేదు. భోంచెయ్యమంటే ఆకలి లేదని చెప్పి, ఎముకల పెట్టె అరుగు మీదనే వదిలి పెనుకొండ వెళ్ళిపోయాడు.

తెల్లవారి నాయన ఎద్దుల మామను పిలిచాడు. పిలవడం కాదు, ఆయన ఉన్న కొట్టం దగ్గరికి తానే పోయాడు. “మా చేన్లో, మా నాయన పక్కన పూడ్సిపెడదాం ఆమెను. ఎవురేమన్న్యా నేను చూసుకుంటా” అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. దాంతో అన్నీ సరిపోతాయని కూడా అనుకున్నాడు, పాపం.

ఎద్దుల మామ తల అడ్డంగా ఊపాడు. “వద్దు సామీ. మీరుండేంతవరకు సరే. మళ్ళొకతూరి ఎండలు కాస్తే ఊరు ఊరుకుంటాదా? మళ్ళీ తవ్వుతారు. దాన్ని ఎన్నితూర్లని లేపేది? ఆడనే ఉండనీండి. ఆడైతే తవ్వేకి మన్ను లేదు.”

నాయన మాటకు ఊళ్ళో తిరుగులేదని చెప్పాను గదా. ఆ మాట మీద నమ్మకం లేదని ఆయన ముఖాన అంత మెత్తగా చెప్పినవాడు అప్పటిదాకా లేడు.

అవ్వ బట్టల పెట్టె తెరిచి ధర్మవరం చీర తీసింది. వేపాకులు దులిపి, మడత విప్పి, అరుగు మీద పరిచింది. ఎముకలు అందులో చుట్టారు. మెట్టెలు లోపల పెట్టారు. నాయన కూడా బయలుదేరితే ఎద్దుల మామ, “మీరు కట్ట మీదనే ఉండండి సామీ” అన్నాడు. నాయన ఉండిపోయాడు. పుట్టిలో అవ్వా నేనూ మామా పోయాం. వెనక్కి తిరిగి చూస్తే నాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని కట్ట మీద నిలబడి ఉన్నాడు. ఆమె మూటకు ముందర ఆయన నడిచిన రోజు ఊరంతా నిలబడిన చోటే అది.

అన్నేండ్లు మోరీల కథ చెప్పిన అవ్వ, వాళ్ళ ఇండ్లు చూడటం అదే మొదలు. వంగి కంతలోంచి లోపలికి చూసింది. “ఇరుకేం లేదే” అంది. గుండు బిగించాక, “నేను పోతే నన్ను గూడా ఈడనే పక్కింట్లో పెట్టమని మీ నాయనకు చెప్పు” అంది. చెప్పి, తానే నవ్వింది. “పాత అలవాటు. నేనే చెప్తా లే.”

చెప్పింది కూడా. దాచేది ఇంకేం లేదు కాబట్టి రవికెలు మానేసి అందరి మాదిరే కొంగు చుట్టుకుని తిరిగింది. ఊళ్ళో గుసగుసలు బయలుదేరాయి. చిలమత్తూరు దిక్కున నాకొక సంబంధం మాటల్లో ఉండేది. వాళ్ళు మళ్ళీ మా గడప తొక్కలేదు. అమ్మ ఏడ్చింది. బొల్లి పేరు చెప్పి మనుషులను తోసేసేవాళ్ళను తప్పు పట్టడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు లేదు. నేను చదువు ముగించి ధర్మవరంలో టీచరు పనికి పోయాను.

అరవైల్లో మరో ఎండాకాలం అవ్వ పోయింది. నేను రైల్లో వచ్చి, పెనుకొండలో దిగి, బండి కట్టించుకుని ఇంటికి చేరేసరికి పాడె సిద్ధంగా ఉంది. చెరువు ఎండి ఉంది. నాయన తల దిక్కు పట్టాడు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ “మాయమ్మకు బొల్లి ఉన్నింది” అని చెబుతూ నడిచాడు. అది చెప్పడం ఆయనకు ఒక మొక్కు మాదిరి అయిపోయింది. నెర్రెలు పడిన బురద మీద అడ్డంగా నడిచి, ఉత్తరపు మిట్ట ఎక్కి, ఎద్దుల మామ భార్య పక్క గదిలో అవ్వను పెట్టారు.

ఆ ఏడు వాన రాలేదు. శ్రావణం పోయింది, భాద్రపదం పోయింది. పెద్దలు మళ్ళీ మా అరుగు మీదికి చేరారు. ఊరి మన్నులో బొల్లి ఉన్న శవం ఒక్కటీ లేదు. ఉన్న ఇద్దరూ మన్ను తగలకుండా రాతి ఇండ్లలో ఉన్నారు. అందరూ నాయన ముఖం చూస్తున్నారు. నేను లోపలి నుంచి మజ్జిగ చెంబు తెస్తున్నాను.

ఎద్దుల మామ వాకిట్లో ఎద్దులను కట్టేస్తూ ఆగాడు. ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

“ఈతూరి ఎవుర్ని తవ్వల్ల సామీ?”

ఒక్కొక్కరే తువ్వాలు దులుపుకుని దిగిపోయారు. నాయన లేచి, నా చేతిలో చెంబు తీసుకుని, వాకిట్లోకి దిగాడు. ఎద్దుల మామ దోసిలి పట్టాడు. నాయన పోశాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా పోశాడు.